గెలాక్సీల మత్తడి

వానలు గట్టిగా పడ్డ ఏడాది వరంగల్ నుంచి పాకాల దారి పట్టి ఏ చెరువు దగ్గర ఆగినా ఒకటే సందడి. మత్తడి దుంకుతుంటుంది. కింద పిల్లలు వలలు పట్టుకుని చేపల కోసం కాచుకుంటారు, పెద్దలు కట్ట మీద నిలబడి చూస్తుంటారు. అలాంటి ఒక సాయంత్రం నేనూ నిలబడి, పక్కనే ఉన్న నీరటి తాతను ఊరికే అడిగాను: "తాతా, గంటకు ఎన్ని నీళ్లు పోతున్నయంటవ్?" ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఉరుకుడు చూస్తే ఏం దెలుస్తది సారూ? మత్తడి ఎంత పొడుగున్నది, దాని మీద నీళ్లు జానెడు మందం పోతున్నయా, మూరెడు మందం పోతున్నయా, అది చూడాలె గని."

గెలాక్సీల నుంచి వాయువు బయటికి పోవడం గురించి అరవై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనంతా ఈ మాట చుట్టే తిరుగుతోంది. ఉరుకుడు తెలిసింది. సెకనుకు ఎన్ని వందల కిలోమీటర్లో కాస్త అటూ ఇటూగా చెప్పగలం. మందమూ పొడుగూ మాత్రం చేతికి చిక్కడం లేదు. ఏటా ఎన్ని సూర్యుల బరువు వాయువు ఒక గెలాక్సీని దాటి పోతోందన్న లెక్కలో పది రెట్ల తేడా వచ్చినా ఈ రంగంలో ఎవరూ ఉలిక్కిపడరు. ఆ తేడా ఎక్కణ్నుంచి వస్తోందో, అది తగ్గే దారేమిటో చూడటమే ఈ వ్యాసం పని.

అసలు వాయువు బయటికి పోతోందని ఎందుకు అనుకోవాలి? కంటికి కనబడక ముందే కాగితం మీద అనుమానం వచ్చింది. మన పాలపుంత ఏటా సుమారు ఇద్దరు సూర్యుల బరువు వాయువును కొత్త నక్షత్రాలుగా మారుస్తోంది. మామూలు సర్పిల గెలాక్సీల్లో నక్షత్రాలకు ముడిసరుకైన చల్లటి అణువాయువు, ఇప్పుడున్న వాడకానికి, 200 కోట్ల సంవత్సరాలకు మించి సరిపోదు. గెలాక్సీల వయసేమో వెయ్యి కోట్ల పైమాట. అంటే చెరువులోకి వాగు ఇంకా పారుతూనే ఉంది. మరి వచ్చిందంతా నక్షత్రాలైందా అంటే, కాలేదు. విశ్వంలోని మొత్తం పదార్థంలో మనకు తెలిసిన మామూలు పదార్థం ఆరో వంతు. ఒక్కో గెలాక్సీ చుట్టూ ఉన్న చీకటి పదార్థాన్ని బట్టి దాని వాటాకు రావలసిన మామూలు పదార్థం ఎంతో లెక్క కట్టి, అందులో నక్షత్రాలైంది ఎంతో చూస్తే, పాలపుంత అంతటి గెలాక్సీల్లోనే అది అయిదో వంతో, నాలుగో వంతో. చిన్న గెలాక్సీల్లో నూటికి నాలుగైదు పాళ్లు కూడా ఉండదు. మిగతాది లోపలికి రాకుండానే ఆగిపోయి ఉండాలి, లేదా వచ్చి వెళ్లిపోయి ఉండాలి.

రెండో సాక్ష్యం లోహాలది. ఖగోళ శాస్త్రజ్ఞులకు హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ లోహాలే, ఆక్సిజన్ కూడా. ఈ సంగతి మా ఊరి కమ్మరికి చెబితే కొలిమి పక్కన పెట్టి మరీ నవ్వుతాడు. ఈ 'లోహాలు' తయారయ్యేది నక్షత్రాల్లోనే కాబట్టి, ఎన్ని నక్షత్రాలు పుట్టాయో తెలిస్తే ఎంత లోహం తయారై ఉండాలో తెలుస్తుంది. 2004లో క్రిస్టీ ట్రెమోంటి బృందం స్లోన్ ఆకాశ సర్వేలోని దాదాపు 53,000 గెలాక్సీల్లో ఆక్సిజన్ పాళ్లు కొలిచింది. గెలాక్సీ చిన్నదవుతున్న కొద్దీ ఆక్సిజన్ తగ్గుతూ పోయింది. పట్టి ఉంచే గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి చిన్న గెలాక్సీలు తమ సంపాదనను ఎక్కువగా పారబోసుకున్నాయన్నది ఇందుకు అందరికీ ముందుగా తోచిన వివరణ. 2014లో మాలీ పీపుల్స్, ఆమె సహచరులు జమాఖర్చు రాస్తే, నక్షత్రాలు తయారు చేసిన లోహాల్లో గెలాక్సీల లోపల మిగిలింది సుమారు పావు వంతే అని తేలింది.

గెలాక్సీలోకి వచ్చేది, అందులో వాడేది, బయటికి పోయేది ఒక్క సమీకరణంలో రాస్తే వచ్చే చిత్రాన్ని పాశ్చాత్యులు స్నానాల తొట్టితో పోలుస్తారు. పైన కుళాయి, అడుగున రంధ్రం. కాకతీయులు తవ్వించిన చెరువుల మధ్య పెరిగినవాళ్లకు తొట్టి అక్కర్లేదు. వాగు వస్తుంది, తూము ద్వారా పొలానికి పోయి పంటవుతుంది, మిగిలింది మత్తడి దూకి పోతుంది. పంటంటే ఇక్కడ నక్షత్రాలు. మత్తడి దూకింది, తూములో పారింది, ఈ రెండింటి నిష్పత్తే ఈ రంగమంతా వెతికే సంఖ్య. పరిశోధకులు దాన్ని మాస్ లోడింగ్ ఫ్యాక్టర్ అంటారు, నేను మత్తడి నిష్పత్తి అంటాను. ఒకటి అంటే నక్షత్రాలైనంత వాయువు బయటికి పోయిందని. పది అంటే గెలాక్సీ తిన్నదానికి పది రెట్లు ఒలకబోసిందని.

చుట్ట ఆకారంలో ఒక గెలాక్సీ

ఈ కథలో అన్నిటికంటే ఎక్కువ పేజీలు ఎం82వి. సప్తర్షుల్లో పులస్త్యుడి నుంచి క్రతువుకు గీత గీసి, ముందుకు ఇంకా అంత దూరం పొడిగిస్తే దాని దాపుకు చేరతాం. వరంగల్‌లో ధ్రువనక్షత్రం 18 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఏప్రిల్ రాత్రి భోజనాల వేళకు ఎం82 దానికి మరో 20 డిగ్రీలు పైన వేలాడుతుంటుంది. ఊరి దీపాలు దాటి వెళ్లి ఎనిమిదంగుళాల టెలిస్కోపు పెడితే, ఆరబోసిన దూదిపింజలా కాకుండా సన్నగా, కొసలు మొద్దుగా, సగం కాల్చి పారేసిన చుట్టముక్కలా కనిపిస్తుంది. 1774లో బోడె దీన్ని మొదట చూశాడు. దూరం సుమారు కోటీ ఇరవై లక్షల కాంతి సంవత్సరాలు.

1963లో రోజర్ లిండ్స్, ఆలన్ శాండేజ్ పాలోమార్‌లోని 200 అంగుళాల టెలిస్కోపుతో హైడ్రోజన్ ఎర్రటి కాంతిలో దీన్ని ఫొటో తీశారు. చుట్టకు అడ్డంగా, పైకీ కిందికీ, ఎర్రటి పోగులు వేల కాంతి సంవత్సరాల దూరం చిమ్మి ఉన్నాయి. వాటి వేగాన్ని బట్టి వెనక్కి లెక్క కట్టి, సుమారు పదిహేను లక్షల ఏళ్ల కిందట గెలాక్సీ నడిబొడ్డున పెద్ద పేలుడు జరిగిందని రాశారు.

తరువాత జరిగినది ఈ రంగానికి మంచి పాఠం. 1972లో విశ్వనాథన్‌తో కలిసి అదే శాండేజ్ ఆ పోగుల కాంతిని మళ్లీ పరీక్షించాడు. కాంతి ధ్రువణం చెందింది. అంటే అది అక్కడే పుట్టింది కాకపోవచ్చు, లోపలి నుంచి వచ్చి ధూళి మీద పడి చెదిరింది కావచ్చు. అలాగైతే పోగుల వేగం అని మనం అనుకున్నది వేగమే కాదు. పేలుడు అబద్ధమన్నవాళ్లు ఆ దశాబ్దంలో తక్కువేమీ లేరు. 1978లో డేవిడ్ ఆక్సన్, కీత్ టేలర్ మరింత సూక్ష్మంగా వర్ణపటం తీసి చూస్తే, పోగుల దగ్గర ఒక్కో రేఖా రెండుగా చీలి కనిపించింది. ఒక పాయ మనవైపు వస్తున్నది, ఇంకొకటి అవతలికి పోతున్నది. బోలు గరాటాను పక్కనుంచి చూస్తే ముందు గోడ, వెనక గోడ రెండూ కనిపించినట్టు. వాయువు నిజంగానే పోతోంది. ఎప్పుడో జరిగిన ఒక్క పేలుడు వల్ల కాదు, ఆగకుండా వీస్తున్న గాలిలా పోతోంది. ధూళి కథా పూర్తిగా అబద్ధం కాలేదు. ధూళి కూడా ఆ గాలితో పాటే బయటికి పోతోంది. 2024 ఏప్రిల్‌లో విడుదలైన జేమ్స్ వెబ్ చిత్రంలో, మసి వంటి కార్బన్ అణువుల వెలుగులో, ఆ పోగులు దువ్వని జుట్టులా చిక్కులు పడి స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ గాలిని నడిపించే యంత్రాన్ని 1985లో రోజర్ షెవాలియే, ఆండ్రూ క్లెగ్ చాలా చిన్న వ్యాసంలో విడమరిచారు. గెలాక్సీ నడుమ ఒక గోళంలో సూపర్‌నోవాలు ఆగకుండా శక్తినీ పదార్థాన్నీ కుమ్మరిస్తుంటే, వాయువు కోట్ల డిగ్రీలకు వేడెక్కి, గోళం అంచు దాటేసరికి ధ్వనివేగాన్ని మించి బయటికి దూసుకుపోతుంది. చివరికి అందుకునే వేగం, ఒక్కో కిలో పదార్థానికి ఎంత శక్తి దక్కిందన్న దాని మీదే ఆధారపడుతుంది. 2009లో డేవిడ్ స్ట్రిక్‌ల్యాండ్, టిమ్ హెక్‌మన్ చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు కొలతలను ఈ నమూనాకు అన్వయించి, ఎం82 నడిబొడ్డున మూడు నుంచి ఎనిమిది కోట్ల డిగ్రీల వేడి, ఆ గాలి అందుకోగల వేగం సెకనుకు 1,400 నుంచి 2,200 కిలోమీటర్లు అని తేల్చారు. ఎర్రటి పోగుల వేగమేమో 600 కిలోమీటర్లు. రేడియో టెలిస్కోపులకు కనిపించే చల్లటి అణువాయువు వేగం 100 కిలోమీటర్ల సుమారు.

ఒకే మత్తడి, మూడు వేగాలు. బరువులో ఎక్కువ భాగం అన్నిటికంటే నెమ్మదిగా పోయే చల్లటి వాయువుది. శక్తిలో ఎక్కువ భాగం అన్నిటికంటే వేగంగా పోయే వేడి వాయువుది. ఏ టెలిస్కోపూ మూడింటినీ ఒకేసారి కొలవలేదు. ఒకరు కొలిచిన మత్తడి నిష్పత్తి ఇంకొకరితో కలవకపోవడానికి సగం కారణం ఇదే.

సోడియం దీపం లెక్క

మిగతా సగం కారణం తెలియాలంటే కొలిచే తీరును కొంచెం దగ్గరగా చూడాలి. మొన్నమొన్నటిదాకా మన వీధుల్లో వెలిగిన పసుపుపచ్చ సోడియం దీపాలు గుర్తున్నాయి కదా. ఆ పసుపు నిజానికి రెండు రేఖలు: ఒకటి 589.0 నానోమీటర్ల దగ్గర, ఇంకొకటి 589.6 దగ్గర. గెలాక్సీలోని నక్షత్రాల కాంతి మన దాకా వచ్చే దారిలో సోడియం ఉన్న చల్లటి వాయువు అడ్డొస్తే, సరిగ్గా ఈ రెండు చోట్ల వెలుగు తరిగి నల్లటి గీతలు పడతాయి. ఆ వాయువు గెలాక్సీ నుంచి బయటికి, అంటే మనవైపు, వస్తుంటే గీతలు నీలంవైపు జరుగుతాయి. సెకనుకు 300 కిలోమీటర్ల వేగానికి ఎంత జరుగుతాయి? సుమారు 0.6 నానోమీటర్లు. రెండు రేఖల మధ్య ఎడమూ అంతే! కాబట్టి ఆ వేగంతో వచ్చే వాయువు తాలూకు రెండో గీత, కదలని వాయువు తాలూకు మొదటి గీత మీదికి వచ్చి కూర్చుంటుంది. ఏది ఎవరిదో విడదీయడానికి పరిశోధక విద్యార్థులు ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకుంటారు.

అయినా వేగం రాబట్టడమే ఇందులో తేలిక. ఆ తరువాత వాయువు ఎంతుందో చెప్పాలి. మనం చూస్తున్నది సోడియాన్ని, కావలసింది హైడ్రోజన్ బరువు. సూర్యుడి లెక్క తీసుకుంటే పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు సోడియం పరమాణువులు దాదాపు రెండు. పైగా సోడియం ఇట్టే ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది, పోగొట్టుకుంటే ఈ గీతల్లో కనబడదు. అంటే ఎంత సోడియం కనబడకుండా పోయిందో ఊహించి, ధూళిలో ఎంత ఇరుక్కుందో ఊహించి, దాన్ని అయిదు లక్షలతో గుణించాలి. మేడారం జాతరలో గద్దెల దగ్గర పోగైన బెల్లం తూచి, వచ్చిన జనం ఎంతమందో చెప్పినట్టుంటుంది. బెల్లం తేనివాళ్లుంటారు, నిలువెత్తు బంగారం తూచినవాళ్లుంటారు. లెక్క మాత్రం తేల్చాలి.

ఇదంతా అయ్యాక కూడా అసలు చిక్కు మిగిలే ఉంది. ఆ వాయువు గెలాక్సీ నుంచి ఎంత దూరంలో ఉంది? మనం చూస్తున్నది గొట్టంలోంచి ఎదురుగా చూసినట్టు. తెర ఉందని తెలుస్తుంది, తెర మూడు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉందో ముప్పై వేల దూరంలో ఉందో తెలియదు. బయటికి పోయే బరువు ఆ దూరంతో గుణకారంలో పెరుగుతుంది. దూరం పది రెట్లు మారితే జవాబూ పది రెట్లు మారుతుంది. నీరటి తాత అడిగిన మత్తడి పొడుగు ఇదే. చాలా వ్యాసాల్లో ఈ దూరాన్ని ఒక గుండ్రటి సంఖ్యగా అనుకుని, ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, ముందుకు సాగిపోతారు. మత్తడి నిష్పత్తి అని ఒక అంకె చూపించి, అది ఏ వాయువుదో, ఎంత దూరంలో తీసుకున్నదో చెప్పనివాళ్ల మాట నేను పట్టించుకోవడం మానేశాను.

పక్కనుంచి చూసే దారి ఒకటుంది. ఎక్కడో వెనక దూరంగా వెలిగే క్వేజార్ కాంతి, మధ్యలో ఉన్న గెలాక్సీ పరిసరాల గుండా వస్తే, ఎంత దూరంలో వాయువు అడ్డొచ్చిందో ఆకాశంలోనే కొలవచ్చు. 2009లో హబుల్‌కు అమర్చిన కాస్ అనే అతినీలలోహిత వర్ణపటమాపకంతో జేసన్ టమ్లిన్సన్ బృందం 42 గెలాక్సీల పరిసరాలను ఇలా పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించింది. నక్షత్రాలు పుట్టిస్తున్న గెలాక్సీల చుట్టూ దాదాపు అయిదు లక్షల కాంతి సంవత్సరాల దాకా అయిదు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ పరుచుకుని ఉంది. పుట్టించడం మానేసిన గెలాక్సీల చుట్టూ అది అరుదు. గెలాక్సీల్లో కనబడకుండా పోయిన లోహాల్లో కొంత ఆచూకీ అలా దొరికింది. అయితే ఈ పద్ధతికీ ఓ లోపముంది. ఒక గెలాక్సీకి సాధారణంగా దొరికేది ఒక్క క్వేజారే. చెరువంతటికీ ఒక్కచోట ముంచి చూసిన కర్రలాంటిది.

దూరపు గెలాక్సీల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక్కోదాని వర్ణపటం అస్పష్టంగా ఉంటుంది కాబట్టి వందల వేల వర్ణపటాలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తారు. 2009లో బెంజమిన్ వీనర్, సహచరులు సుమారు 1,400 గెలాక్సీలను ఇలా పేర్చినప్పుడు, విశ్వం వయసు ఇప్పటిదాంట్లో మూడో వంతు ఉన్న రోజుల్లో ఈ గాలి ఎక్కడో ఒకచోట కాదు, మామూలు గెలాక్సీలన్నిటిలోనూ వీచేదని తేలింది. చార్లెస్ స్టైడెల్ బృందం, ఆ తరువాత రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన నవీన్ రెడ్డి తదితరులు నడిపిన మోస్‌డెఫ్ సర్వే ఇంకా వెనకటి కాలానికి వెళ్లాయి. కానీ 2019లో నటాషా ఫోర్‌స్టర్ ష్రైబర్ బృందం అయనీకృత వాయువును కొలిస్తే మత్తడి నిష్పత్తి ఒకటి కంటే బాగా తక్కువ వచ్చింది. గాలి ఊరంతా ఉంది, బరువు మాత్రం అనుకున్నంత లేదు! చల్లటి వాయువు ఆ లెక్కలోకి రాలేదు కాబట్టి ఇప్పటికి ఎవరి మాటా కొట్టివేయలేం.

దగ్గరి గెలాక్సీల్లో చల్లటి వాయువును నేరుగా చూస్తే ఎంత వస్తుందో ఎన్‌జీసీ 253 చెప్పింది. కరోలిన్ హెర్షెల్ 1783లో కనుగొన్న ఈ గెలాక్సీ శీతాకాలపు సాయంత్రాల్లో మనకు దక్షిణాన మంచి ఎత్తులోనే కనిపిస్తుంది. 2013లో ఆల్బెర్తో బొలాత్తో బృందం చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులతో దాని నడుమ నుంచి లేస్తున్న కార్బన్ మోనాక్సైడ్ పోగులను తూకం వేసింది. ఏటా కనీసం మూడు సూర్యుల బరువు, బహుశా తొమ్మిది. నక్షత్రాలయ్యేది ఏటా మూడు. అంటే నిష్పత్తి ఒకటి నుంచి మూడు. తరువాతి పరిశీలనల్లో ఆ అంకె ఇంకా పెరిగిందే గానీ తగ్గలేదు.

కట్ట తెగేదెట్లా

ఒక సూపర్‌నోవా ఎగజిమ్మే శక్తి, ఒకటి పక్కన 44 సున్నాలు పెడితే వచ్చేన్ని జౌళ్లు. సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల ఆయుష్షంతా వెలిగి ఇచ్చే శక్తికి సమానం. వంద సూర్యుల బరువు నక్షత్రాలు పుడితే అందులో సుమారు ఒకటి ఇలా పేలుతుంది. శక్తికి కొదవ లేదు, నిలుపుకోవడమే కష్టం. దట్టమైన మేఘంలో ఒంటరిగా పేలిన నక్షత్రం తన వేడినంతా చుట్టూ ఉన్న వాయువుకు ఇచ్చి, అది కాంతిగా కారిపోయి, కొద్ది కాలానికే చల్లబడుతుంది. అలాంటివి లక్ష పేలినా గెలాక్సీ గాలి పుట్టదు.

దీనికి జవాబు వెతికినవాళ్లలో బెంగళూరు వాళ్లున్నారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రతీక్ శర్మ, రామన్ పరిశోధన సంస్థలో బిమన్ నాథ్, వాళ్ల విద్యార్థులు, రష్యా నుంచి యూరి షెకినోవ్ కలిసి 2014 ప్రాంతంలో చేసిన కంప్యూటర్ అనుకరణలు తేల్చిందిది: నక్షత్రాలు గుంపుగా పుట్టి ఒకదాని తరువాత ఒకటి పేలితే, రెండో పేలుడు మొదటిది తవ్వి పెట్టిన పలచటి వేడి బుడగలో జరుగుతుంది. అక్కడ శక్తి కారిపోవడానికి దట్టమైన వాయువు లేదు. బుడగ ఉబ్బుతూ ఉబ్బుతూ గెలాక్సీ పళ్లెం మందాన్ని దాటాక పైనా కిందా పగులుతుంది. 2023 జూలై వానలకు మా భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డప్పుడు చూశాం, నీళ్లు కట్టంతా ఒక్కసారి తోసుకుని రావు, పలచబడ్డ చోటు చూసుకునే వస్తాయి. గెలాక్సీ పళ్లెంలో పలచటి దిక్కు నిట్టనిలువు. ఎం82 పోగులు పైకీ కిందికీ మాత్రమే ఎందుకున్నాయో ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. నక్షత్రాలు ఎన్ని పుడుతున్నాయన్నదే కాదు, ఎంత ఇరుకులో పుడుతున్నాయన్నదీ ముఖ్యమేనని హెక్‌మన్ ఎప్పటి నుంచో చెబుతున్నదీ ఇందుకే.

గాలి పుట్టడం అర్థమైంది. కానీ అది చల్లటి మేఘాలను ఎలా మోసుకుపోతోంది? సెకనుకు వెయ్యి కిలోమీటర్ల పైన వీచే కోట్ల డిగ్రీల గాలి, చల్లటి మేఘాన్ని తోసి వేగం అందించే లోపే చింపి ఆవిరి చేయాలి. 1990ల నుంచి ప్రతి లెక్కా అదే చెప్పింది. ఆకాశంలోనేమో మేఘాలు నిక్షేపంగా ఎగిరిపోతున్నాయి. ఇరవై ఏళ్లకు పైగా నడిచిన ఈ తగవులో 2018లో మాక్స్ గ్రోంకే, పెంగ్ ఓ చెప్పినది నాకు నచ్చిన మాట. మేఘం అంచుల్లో వేడిదీ చల్లదీ కలిసి మధ్యరకం వాయువవుతుంది. అది చాలా త్వరగా చల్లారుతుంది. మేఘం తగినంత పెద్దదైతే, చిరిగిపోయేదానికంటే అంచుల్లో కొత్తగా చల్లారి అతుక్కునేదే ఎక్కువ. గాలిలో మేఘం అరగదు, పెరుగుతుంది! చిన్న మేఘాలు మాత్రం పోతాయి. టాడ్ థాంప్సన్ తదితరులు ఇంకో దారి చెప్పారు: చల్లటి వాయువును ఎవరూ మోసుకుపోలేదు, వేడిగాలే దూరం వెళ్లాక చల్లారి మేఘమైంది. రెండూ నిజం కావడానికి అడ్డేమీ లేదు. కాస్మిక్ కిరణాల ఒత్తిడి, నక్షత్రకాంతి తోపుడు కూడా చెయ్యి వేస్తాయంటారు. వాటి వాటా ఎంతో తేల్చిన కొలత నా కంటపడలేదు.

ఇక్కడే పెద్ద పెద్ద విశ్వ అనుకరణల గురించి కుండబద్దలు కొట్టక తప్పదు. విశ్వమంతా కంప్యూటర్‌లో ఉన్నట్టు మెరిసే ఆ చిత్రాల్లో చాలావాటిలో గాలి దానంతటది పుట్టదు. 2003లో ఫోల్కర్ స్ప్రింగెల్, లార్స్ హెర్న్‌క్విస్ట్ మత్తడి నిష్పత్తి రెండు అని చేత్తో పెట్టి, గాలి కణాలను కొంత దూరం దేనితోనూ తగలకుండా పంపించారు. ఇలస్ట్రిస్ వంటి తరువాతి అనుకరణలు సూత్రాన్ని మెరుగుపరిచాయి గానీ ఆ పద్ధతిని వదల్లేదు. ఇందులో మోసం లేదు, వాళ్లే చెప్పుకున్నారు. ఒక సూపర్‌నోవా బుడగను చూపించేంత సూక్ష్మం ఆ కంప్యూటర్లకు అందలేదు. కానీ ఆ అనుకరణలో నిష్పత్తి ఇంత అని చూపి, ఆకాశంలో కొలిచింది తక్కువైందని ఆకాశాన్ని తప్పుపట్టడం తమాషాగా ఉంటుంది. బుడగలను నేరుగా చూపే ఫైర్ వంటి అనుకరణల్లో చిన్న గెలాక్సీలకు నిష్పత్తి పది దాటుతుంది, పెద్దవాటికి ఒకటికి దిగుతుంది. దాన్ని వరస అని నమ్ముతాను, అంకె అని నమ్మను.

మన దేశపు కళ్లతో చూసిన సాక్ష్యం ఒకటి పక్కదారిలో వచ్చింది. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లో 38 సెంటీమీటర్ల జంట అతినీలలోహిత టెలిస్కోపులున్నాయి. 2016 అక్టోబర్‌లో అవి 28 గంటలకు పైగా చూసిన చోట, 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరపు ఒక గెలాక్సీ నుంచి హైడ్రోజన్‌ను చీల్చగలిగే తీవ్రమైన కాంతి బయటికి కారడం కనిపించింది. పుణేలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకాకు చెందిన కనక్ సాహా బృందం 2020లో దాన్ని ప్రకటించింది. గెలాక్సీలో హైడ్రోజన్ నిండా ఉంటే అలాంటి కాంతి బయటపడటం అసాధ్యం. ఎక్కడో కన్నాలుండాలి. ఆ కన్నాలు పొడిచింది గాలేనన్నది చాలామంది ఊహ. హబుల్ కంటే ఎంతో చిన్న కన్నుతో, నేపథ్యపు రొద తక్కువ కావడం వల్ల సాధించిన పని ఇది.

పోయిందెక్కడికి

ఎన్ని లెక్కలు కట్టినా పోయిన వాయువు నిజంగా పోయిందా అన్నది మిగులుతుంది. సూర్యుడున్న చోటి నుంచి పాలపుంతను వదిలిపోవాలంటే సెకనుకు 550 కిలోమీటర్ల సుమారు వేగం కావాలి. అంతకంటే తక్కువతో ఎగిరింది ఎప్పటికైనా తిరిగి పడుతుంది. 1976లోనే పాల్ షాపిరో, జార్జ్ ఫీల్డ్ దీన్ని ఫౌంటెన్‌తో పోల్చారు. ఎం82లో కూడా 2015లో ఆడమ్ లెరాయ్ బృందం చూపించిందిదే: పైకి వెళ్లేకొద్దీ చల్లటి వాయువు బరువు వేగంగా తరుగుతోంది, అందులో ఎక్కువ భాగం గెలాక్సీని దాటలేక వెనక్కి పడుతోంది. పాలపుంత చుట్టూ వేగంగా కదిలే మేఘాలను 2019లో ఆండ్రూ ఫాక్స్ బృందం లెక్కిస్తే, లోపలికి వచ్చేది ఏటా సూర్యుడిలో సగం, బయటికి పోయేది ఆరో వంతు. చల్లటి మేఘాల్లో మన చెరువుకు రాబడే ఎక్కువ. మన గెలాక్సీ నడిబొడ్డుకు పైనా కిందా 25,000 కాంతి సంవత్సరాల చొప్పున లేచి ఉన్న ఫెర్మీ బుడగలు, 2010లో బయటపడ్డవి, వేరే సంగతి. అవి నక్షత్రాల గాలితోనే పుట్టగలవని కార్తిక్ సర్కార్, నాథ్, శర్మ వాదించారు. నడుమనున్న కృష్ణబిలం పనేనన్నవాళ్లే ఎక్కువ.

ఆ సాయంత్రం నీరటి తాతతో ఇంకో మాట అన్నాను, ఇంత నీళ్లు వృథాగా పోతున్నయే అని. "పోయినయని ఎట్లంటరు సారూ? కింది చెరువోళ్లను అడుగుండ్రి." కాకతీయుల చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మత్తడే కింది చెరువుకు వాగు. 2017లో డేనియల్ ఆంగ్లెస్-అల్కజార్, సహచరులు ఫైర్ అనుకరణల్లో ఒక్కో వాయు కణం చరిత్రను వెనక్కి తిప్పి చూస్తే ఇలాంటిదే తేలింది. పాలపుంత అంతటి గెలాక్సీలోని పదార్థంలో సగం దాకా ఒకప్పుడు వేరే చిన్న గెలాక్సీల గాలికి కొట్టుకొచ్చిందే కావచ్చునట. కంప్యూటర్‌లో అది సులువు, కణానికి పేరు పెట్టి వెంట పడొచ్చు. ఆకాశంలో ఒక హైడ్రోజన్ మేఘం ఎవరి మత్తడి దూకి వచ్చిందో దాని మీద రాసి ఉండదు.

ఎం82 దగ్గర ఆ చిక్కు కంటి ఎదుటే ఉంది. పక్కనే ఉన్న పెద్ద సర్పిల గెలాక్సీ ఎం81. రెండూ ఒకప్పుడు దగ్గరగా ఒరుసుకుని పోయాయి. ఎం82లో నక్షత్రాలు ఇంత జోరుగా పుట్టడానికి ఆ ఒరిపిడే కారణమంటారు. 1994లో మిన్ యున్, పాల్ హో, కె.వై. లో అనే ముగ్గురు రేడియో కిరణాల్లో చూసినప్పుడు ఆ రెంటినీ, మూడోదైన ఎన్‌జీసీ 3077నూ కలుపుతూ హైడ్రోజన్ పాయలు బయటపడ్డాయి. ఆ పాయల్లో ఎంత ఒరిపిడికి ఊడిపడిందో, ఎంత గాలికి కొట్టుకొచ్చిందో విడదీయాలి. 2023 సెప్టెంబర్‌లో జపాన్ ప్రయోగించిన ఎక్స్‌రిజమ్ ఉపగ్రహం వేడిగాలి కదలికను ఎక్స్‌రే రేఖల్లోనే కొలవగలదు, ఎం82 దాని లక్ష్యాల్లో ఒకటి. వేడిగాలి వేగం ఊహతో కాక కొలతతో వస్తే, మూడు వేగాల్లో ఒకదాని మీది అనుమానమైనా తగ్గుతుంది.

ఏప్రిల్‌లో మబ్బులేని రాత్రి తక్కువ వర్ధనం ఉన్న కటకం పెట్టి చూస్తే రెండు గెలాక్సీలూ ఒకే చూపులో ఇముడుతాయి. ఒక పక్క కోడిగుడ్డులా ఎం81, ఇంకో పక్క చుట్టముక్కలా ఎం82, నడుమ చీకటి. ఆ హైడ్రోజన్ పాయలున్నది ఆ చీకట్లోనే.